సన్నబాట మీద రెండు గుండెలు

డేగలకొండ కోటకు లెక్కలేనన్నిసార్లు ఎక్కిదిగిన గైడ్ ఓబులేసు, ఆ ఉదయం సన్నబాట మధ్యలో రాతిగోడకు వీపు ఆనించి అతుక్కుపోయాడు. వెనక గోడ, ముందు ఏమీ లేదు. ఎక్కడో కింద వేరుశనగ చేలు.

"ఎందుకాగావు ఓబులేసూ?" చెవిలో డాక్టర్ నిరంజని గొంతు వినిపించింది. ఆమె కొండ కింద పర్యాటక కేంద్రంలో స్క్రీన్ ముందు కూర్చుని ఉంది.

"కాలు లేయడంల్యా మేడమ్. భయమైతాంది."

ఆమెకు నవ్వొచ్చింది. ఓబులేసుకు భయమేమిటి! కానీ స్క్రీన్ మీద అతని గుండె వేగం చూశాక నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. కొండ ఎక్కలేనివాళ్లకు కొండను చూపించడానికి నిరంజని తయారుచేసిన జంట చొక్కాలవి. ఒకటి గైడ్ తొడుక్కుంటాడు, రెండోది కింద కూర్చున్న సందర్శకులు. గైడ్ కెమెరా చూసిందంతా వాళ్ల కళ్లద్దాల్లో కనిపిస్తుంది. అతనికి తగిలే గాలి, ఎండ వేడి, అతని గుండె లయ, అన్నిటినీ సెన్సార్లు పట్టి కింది చొక్కాకు పంపుతాయి. అంతవరకే ఉంటే ఏ గొడవా లేదు.

అయితే డేగలకొండ గైడ్లకు ఒక పద్ధతి ఉంది. సన్నబాట దగ్గర సందర్శకుల చెయ్యి పట్టుకోరు, మణికట్టు పట్టుకుంటారు. నాడి అదిరితే ఆగుతారు, కుదుటపడితే నడిపిస్తారు. "మనిషి నాడి తెలీకుండా ఎట్ల నడిపించేది మేడమ్?" అని పట్టుబట్టింది ఓబులేసే. న్యాయమైన మాటే. అందుకని నిరంజని వెనక్కి కూడా ఒక లైను పెట్టింది. కిందివాళ్ల గుండె ఎలా కొట్టుకుంటే పై చొక్కా గైడ్ పక్కటెముకల మీద అలా తడుతుంది. వాళ్లు ఊపిరి బిగబడితే అతని ఛాతీ బిగుస్తుంది.

ఆ రోజు కింద నిరంజని పక్కన కూర్చున్నది రాహేలమ్మ, రిటైరైన నర్సు. మేడ మీంచి పడి నడుం విరిగాక చక్రాల కుర్చీయే ఆమె లోకం. అప్పట్నుంచి కిటికీలోంచి కిందికి చూడాలన్నా వణుకే. అయినా కోట చూడాలని ఆశ. సన్నబాట కనబడగానే ఆమె గుండె దడదడలాడింది, ఆ దడ ఓబులేసు పక్కటెముకల మీద మొదలైంది.

మెదడుకొక పిచ్చి ఉంది. ఒళ్లు భయపడుతున్నట్టు అనిపిస్తే చాలు, కారణం కోసం వెతుకుతుంది. పాపం, ఓబులేసు మెదడుకు వెతికే శ్రమ కూడా లేకపోయింది. ఇన్నేళ్లూ పక్కనే ఉన్న లోయను అతను మొదటిసారి చూశాడు.

"లైను తీసేస్తున్నా, కదలకు." నిరంజని స్విచ్ నొక్కింది. "తీసేశాను. ఇప్పుడెలా ఉంది?"

"తీయల్యా మేడమ్ మీరు. ఇంకా కొడతాంది."

ఆమె మళ్లీ చూసింది. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది.

"ఓబులేసూ... అది నీ గుండే."

అతని కాలికింద గులకరాళ్లు జారి పడిన చప్పుడు వినిపించింది. అప్పుడు రాహేలమ్మ మైకు లాక్కుంది. విచిత్రంగా ఆమె గొంతులో వణుకే లేదు.

"ఓ నాయనా, సూదికి భయపడే పెద్దోళ్లను ఎంతమందిని సూసినా నేను! కండ్లు మూసుకో. గోడకానుకునే మెల్లిగా కూర్చో. కూర్చునే జరుగు. నేనీడ్నే ఉండా."

చిన్నపిల్లాడిలా జరుగుతూ, ఏడుస్తూ, మధ్యాహ్నానికి ఓబులేసు కిందికి దిగాడు.

రెండు రోజుల్లో సర్దుకుంటుందని నిరంజని అనుకుంది. సర్దుకోలేదు. ఒళ్లు నేర్చుకున్నదాన్ని మెదడు చెబితే మానదు. అటు రాహేలమ్మ ఒళ్లు కూడా ఒకటి నేర్చుకుంది. కొండ మొదలు నుంచి సన్నబాట దాకా ఆమె ఒంటి మీద కొట్టుకున్నది ఓబులేసు నిబ్బరమైన గుండె. ఇప్పుడామె ప్రతి వారం వస్తుంది. "ఇంకొంచెం అంచుకు పోప్పా, ఏం కాదు" అని గైడ్లను హడలగొడుతుంది.

కిందినుంచి గైడ్ చొక్కాకు వెళ్లే లైను పూర్తిగా పీకేశారు. కేంద్రం మీద "డేగలకొండ అందరిదీ" అని పెద్ద బోర్డు పెట్టారు. జనం బారులు తీరారు.

మొన్న ఆ కేంద్రానికి ఓబులేసు వచ్చాడు. గుమ్మం ముందు మెట్లున్నాయి, నాలుగైదుకు మించవు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి తీసేశాడు. చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలుదారిలో గోడ పట్టుకుని లోపలికొచ్చి, చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. కొండ మొదట్లో గైడ్ చొక్కాతో నిలబడింది అతని బామ్మర్ది నరసింహులు.

"కోట దాకా పోదామా బావా?"

ఓబులేసు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"పైకొద్దులే నరసింహులూ. ఆడ్నే నిలబడి, కిందినుంచే సూపీ."