నాన్న వంతు నంబరు

ఆ ఇంట్లో తెల్లారగానే మొదట వినిపించేది తాళాల గుత్తి. బ్యాంకులో ఖజానా గది చూసుకుని రిటైరైన పెద్దాయన ఉద్యోగం వదిలాడు గానీ గుత్తి వదల్లేదు. నడుముకి కట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వీధిలో ఆయన్ని తాళాలాయన అనేవాళ్ళు. ఆయన ఎదురొస్తే కుక్కలు కూడా పక్కకి తప్పుకుని జేబులు తడుముకునేవని చెప్పుకునేవాళ్ళు. కుక్కలకి జేబులెక్కడివని అడక్కండి. ఆయన నడక అలాంటిది మరి.

ఆయన ప్రాణమంతా పడగ్గదిలో ఉన్న ఇనప్పెట్టె మీద. పాతదైపోయిందని బ్యాంకువాళ్ళు అమ్మేస్తుంటే కొని తెచ్చుకున్నాడు. అది ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఇల్లు ఓ పక్కకి ఒరిగిందనీ, ఇప్పటికీ ఏ గదిలో గోళీ వదిలినా గుమ్మాలు దాటుకుంటూ వెళ్ళి దాని కాళ్ళ దగ్గరే ఆగుతుందనీ ఆయనే అందరికీ చెప్పేవాడు. దానికి తాళంచెవి లేదు. తలుపు మీద అంకెలు చెక్కిన రెండు చక్రాలున్నాయి. బ్యాంకులో ఖజానా ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు, ఇద్దరు ఆఫీసర్లు కలిసి నిలబడితేనే తెరుచుకోవాలి. ఆయన ఆ పద్ధతిని ఇంటికీ పట్టుకొచ్చాడు. కుడి చక్రం నంబరు ఆయనకే తెలుసు, ఎడమ చక్రం నంబరు భార్యకే తెలుసు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు గోడకేసి తిరిగి నిలబడాలి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గోడని చూసినంత తీరిగ్గా మొగుడి మొహం చూడలేదని ఆవిడ అప్పుడప్పుడూ అంటుండేది.

తండ్రి ఇనుముతో వేసిన తాళాలు కూతురు లెక్కలతో వేసేది. యూనివర్సిటీలో గుప్తలిపి మీద పరిశోధన చేస్తోంది. బ్యాంకుల లావాదేవీల్ని దొంగల కంటపడకుండా ఎలా దాచాలన్నదే ఆ చదువు. దాని మీద ఏటా ఒక పెద్ద సదస్సు జరుగుతుంది. దేశదేశాల పండితులు వచ్చి, ఒకరు వేసిన తాళాన్ని ఇంకొకరు అందరి ముందూ విప్పేసి, చప్పట్లు కొట్టించుకుని, ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని భోంచేస్తారు. రెండేళ్ళు తిప్పి పంపాక ఈసారి అమ్మాయి పరిశోధన పేపరుకి అక్కడ చోటు దొరికింది. మర్నాడు పొద్దున్నే విమానం. పాస్‌పోర్టు మాత్రం ఇనప్పెట్టెలో ఉంది. భద్రంగా ఉంటుందని తండ్రే అడిగి తీసుకుని పెట్టాడు.

ప్రయాణం ఇంకొక్క రోజు ఉందనగా, ఉదయం కాఫీ తాగుతూ అమ్మాయి పెట్టె తీయమని అడిగింది. న్యూస్ పేపరు చదివాక తీస్తానన్నాడు. పేపరు చదివాడు, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాడు. ఇంకోసారి అడిగితే స్నానం చేయకుండా పెట్టె ముట్టుకోనన్నాడు. స్నానమయ్యాక గదిలో వెలుతురు చాలదన్నాడు. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి ఉన్నాయి, ఎండ మంచం మీద పడి కాళ్ళు చాపుకుని ఉంది. అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళి తల్లిని కదిపింది. ఆవిడ కూరగాయలు తరుగుతూ, నాన్న మనసు బాలేదు, కాసేపు వదిలెయ్యమంది. ఎందుకు బాలేదని అడిగితే, తరిగిన ముక్కల్నే మళ్ళీ తరుగుతూ ఉండిపోయింది.

నిజానికి ముందురోజు సాయంత్రం అమ్మాయి తల్లిని కూర్చోబెట్టి సదస్సులో చెప్పబోయేదంతా ఇంటి మాటల్లోకి మార్చి వినిపించింది. ఖజానా రహస్యాన్ని ముక్కలు చేసి కొందరికి పంచాలి, అందులో ఒకరు లేకపోయినా మిగిలినవాళ్ళు తెరవగలగాలి, ఏ ఒక్కరికీ మాత్రం సాధ్యం కాకూడదు. ఇదీ అమ్మాయి పేపరు. చిన్నప్పట్నించీ ఆ రెండు చక్రాల్నే చూస్తూ పెరిగింది కాబట్టి, మొదటి ఉదాహరణగా ఇంటి పెట్టెనే పెట్టుకుంది. ఆ మాటలు పక్క గదిలో ఉన్న పెద్దాయన చెవిన పడ్డాయి. ఈ సంగతి అమ్మాయికి తెలీదు.

పదింటికల్లా పెద్దకొడుకు దిగాడు. వాడికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. చెల్లెలు ఫోన్ చేసేసరికి ఇనుము కోసే మిషను భుజాన వేసుకుని వచ్చేశాడు. గంటలో పెట్టె తలుపు ఊడదీసి, మళ్ళీ అతికించి, రంగు కూడా వేసి ఇస్తానన్నాడు. ఆ మాట వినగానే పెద్దాయన వెళ్ళి పెట్టెకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"కొయ్యి. ముందు నన్ను కోసి, తర్వాత దాన్ని కొయ్యి."

"మిమ్మల్ని కొయ్యడానికి బ్లేడు వేరే వెయ్యాలి నాన్నా, ఇది మెత్తటి ఇనుముకే" అన్నాడు కొడుకు. ఎవరూ నవ్వలేదు. మిషను మెల్లిగా గుమ్మం దగ్గర దించాడు.

అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ కష్టం ఓ తలుపు వెనక ఉంది, తలుపు ముందు సొంత తండ్రి ఉన్నాడు. తను పైకి రావడం ఆయనకి ఇష్టం లేదేమో అనిపించింది. అనుకున్నది మనసులో దాచుకునే రకం కాదు.

"నేను వెళ్ళడం నీకిష్టం లేదా నాన్నా? ఆ మాట చెప్పెయ్యి. మానేస్తాను."

"వెళ్ళు. వెళ్ళి అందరికీ చెప్పు. మా ఇంట్లో ఓ ముసలాడున్నాడు, తన నంబరు తనే మరిచిపోయాడు అని చెప్పి చప్పట్లు కొట్టించుకో."

అమ్మాయి తెల్లబోయింది. అన్నకేసి చూసింది. అన్న మిషన్‌కేసి చూశాడు.

"నీ గురించి ఎక్కడ చెప్పాను?"

"నిన్న చెప్పలేదూ? ఇద్దరిలో ఒకాయన మరిచిపోయాడనుకుందాం, అన్నావా లేదా? నీకెవరు చెప్పారు? మీ అమ్మా?"

"అది లెక్క నాన్నా. మరిచిపోయాడనుకుందాం, చనిపోయాడనుకుందాం, దొంగలతో కలిసిపోయాడనుకుందాం... అన్నీ అనుకోవాలి. లేకపోతే లెక్క సాగదు. నువ్వు మరిచిపోయావని నేనెందుకు..."

పేపరు రెండుసార్లు చదవడం, ఎండలో నిలబడి వెలుతురు లేదనడం, రెండు నెలలుగా మధ్య మధ్యలో తనని మేనత్త పేరుతో పిలవడం, అన్నీ ఒక్కసారే వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాయి. లెక్కల్లో ఎన్నెన్ని అనుకుందో, ఇంట్లో ఉన్న ఈ ఒక్కటీ అనుకోలేదు.

పెద్దాయన గొంతు దిగిపోయింది.

"మొన్నటిదాకా ఉంది. ఇక్కడే ఉంది. చెయ్యి వేస్తే అదే తిరిగేది. ఇప్పుడు చెయ్యి వేస్తే చక్రం నాకేసి చూస్తోంది, నేను దానికేసి చూస్తున్నాను. నాకేం తెలీడం లేదమ్మా."

గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. కొడుకుని మిషను తీసుకెళ్ళి బండిలో పెట్టమంది. తర్వాత తన వంతు ఎడమ చక్రం తిప్పేసి, ఎప్పటిలాగే గోడకేసి తిరిగి నిలబడింది.

"ఊఁ, కానివ్వండి. మీ వంతు."

"చెప్పాను కదే, రాదని."

"చక్రం మీద చెయ్యి వెయ్యండి. నేనేదో ఈ గోడతో మాట్లాడుకుంటాను. మా ఇద్దరికీ పాత స్నేహం. మీరు వినకండి."

ఆయన చెయ్యి వేశాడు. ఆవిడ గోడతో మొదలుపెట్టింది.

"ఏమే గోడా, ఇటుపక్కకి పన్నెండు. చాలు, ఆగు. ఇప్పుడు అటు, ఏడు. ఎప్పుడూ ఇక్కడ ఓసారి దగ్గుతారు. దగ్గారు కదా, ఇక మళ్ళీ ఇటు, ఇరవై."

లోపల్నించి ఇనుము నిట్టూర్చినట్టు చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

కాసేపు ఎవరూ పాస్‌పోర్టు జోలికి పోలేదు. పెద్దాయన తెరిచిన తలుపు వదిలేసి భార్య వీపుకేసి చూస్తున్నాడు.

"నీకెలా తెలుసు?"

"గోడకేసి తిరగమన్నారు గానీ చెవులు మూసుకోమన్లేదుగా. ఒక్కో అంకెకీ ఓ టిక్కు. మొదటి ఏడాదే తెలిసిపోయింది."

"ఇన్నేళ్ళూ తెలిసి... ఒక్కసారైనా తీశావా?"

"ఎందుకు తీస్తాను? మీరు పక్కన ఉంటేనే తీయాలన్నారు కదా."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తాళం చేసే చప్పుడు విని రహస్యం పట్టేయడం మీద ఆ సదస్సులో ఒక పూటంతా కేటాయించారనీ, తనకి బదులు అమ్మని పంపితే సరిపోయేదనీ అంది. పెద్దాయన కూడా నవ్వబోయాడు, అది సగంలో చెదిరిపోయింది. తన ఉదాహరణలో ఇంటి పెట్టె తీసేస్తానని ఆమె అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తియ్యకు. మరిచిపోయాడనే చెప్పు. అయినా తలుపు తెరుచుకుందని కూడా చెప్పు."

పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ చేతిని వదల్లేదు. దగ్గరికి రమ్మన్నాడు.

"నీ లెక్క ప్రకారం ఇంకొకరికి చెప్పి ఉంచాలిగా. ఇప్పుడే గుర్తొచ్చింది. మళ్ళీ పోయేలోగా నీ చెవిలో వేస్తాను. నా వంతు ఇక నీది."

వంగి చెవిలో చెప్పాడు. ఆయన గుసగుస అంటే పక్క వీధిలో పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు, కాబట్టి ఆ నంబరు గదిలో అందరికీ వినపడింది. అందులో పన్నెండు లేదు, ఏడు లేదు, ఇరవై లేదు. అది ఎప్పుడో తీయించేసిన ఇంటి ఫోను నంబరు. అమ్మాయి చిన్నప్పుడు, రోడ్డు మీద తప్పిపోతే ఎవరికైనా చెప్పమని, బడికి తీసుకెళ్తూ దారి పొడుగునా ఆయన వల్లె వేయించిన నంబరు. చివర రెండంకెల దగ్గర తడబడి ఆగాడు. ఆమె ఆ రెండంకెలూ అందించింది.

"ఆఁ, అదే" అన్నాడు పెద్దాయన తేలికపడి. "మరిచిపోవుగా?"

"మరిచిపోను నాన్నా."

ఇల్లాలు ఇంకా గోడకేసే నిలబడి ఉంది. ఇక తిరగొచ్చా అని ఆవిడ అడగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఆవిడకి ఆ గోడే వీలుగా ఉంది.