వెనక మెట్ల మీద మనిషి

ఆ మందుల కంపెనీలో వెనక మెట్లకి మంచి పేరు లేదు.

ముందువైపంతా అద్దాల తలుపులు, లిఫ్టులు, పూలకుండీలు. వెనకవైపు మాత్రం ఇరుకు మెట్లు, సగం వెలగని లైట్లు. రాత్రయ్యాక రెండో అంతస్తు మలుపులో ఓ ఆడమనిషి కూర్చుని ఉంటుందని... తెల్లబట్టలని... జుట్టు విరబోసుకుని ఉంటుందని... గార్డులు గుసగుసగా చెప్పుకునేవారు. పిలిస్తే పలకదట. దగ్గరికెళ్తే లేచి పైకి పోతుందట. మొహం చూసినవాడు మాత్రం లేడు — అంతసేపు నిలబడ్డవాడే లేడు.

సెక్యూరిటీ మేనేజరు చేరిన కొత్తలోనే ఈ కబురు అతని చెవిన పడింది. నవ్వేశాడు. అతను మామూలు మనిషి కాదు మరి. కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోని తలుపులు పెట్టించాడు. మూలమూలకీ కెమెరా బిగించాడు. కంపెనీ యజమానిని అందరూ చిన్నసారు అంటారు. ఆయన ముందు తెర మీద బొమ్మలేసి మరీ చూపించి, తన కాపలా ఏర్పాట్లలో దెయ్యాలకి చోటు లేదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్ళావిడకి తప్ప ఎవరికీ తెలీని సంగతి ఒకటుంది. అతనికి చీకటంటే చచ్చేంత భయం. ఇంట్లో పడగ్గది లైటు తెల్లార్లూ వెలగాల్సిందే. కరెంటు పోయిందంటే ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకుని మరీ పడుకుంటాడు. కంపెనీకి మీరు కాపలా, మీకు నేను కాపలా అని ఆవిడ ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఇలా ఉండగా కొంప మునిగే పని జరిగింది.

ఆ కంపెనీని నిలబెట్టింది పిల్లల దగ్గు మందు. చేదన్నదే తగలని మందు. అది తయారుచేసే గుట్టంతా మూడో అంతస్తులో, మందు కలిపే గదిలో ఉంటుంది. అలాంటిది... ఇంకో కంపెనీ అచ్చం అదే మందు బజార్లోకి దించింది. అదే రంగు, అదే వాసన, అదే తీపి.

చిన్నసారు అరవలేదు. మేనేజరుని పక్కన కూర్చోబెట్టుకుని, రాబోయే కొత్త మందు కూడా ఇలాగే బయటికి పొక్కితే కంపెనీకి తాళం పడుతుందని, అంతకన్నా ముందు మీరు ఇంటికెళ్తారని మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే మేనేజరుకి చెమటలు పట్టాయి.

తను పెట్టించిన తలుపులన్నీ చూసుకున్నాడు. భేషుగ్గా ఉన్నాయి. కెమెరాలు చూసుకున్నాడు. అవీ బాగానే ఉన్నాయి — ఒక్కటి తప్ప. వెనక మెట్ల కెమెరాలో గోడ కనిపిస్తోంది. ఒట్టి గోడ.

గార్డుల పెద్దని పిలిచాడు. గుబురు మీసాల మనిషి, మీసాలాయన అనే అంటారు. కుర్రాళ్ళే కెమెరాని గోడవైపు తిప్పేశారని ఆయన ఒప్పుకున్నాడు. మనం ఆ దెయ్యాన్ని చూస్తుంటే అదీ మనల్ని చూస్తుందని వాళ్ళ భయమట. అటువైపు రౌండ్లకి వెళ్ళడం కూడా ఎప్పుడో మానేశారట. బయట నుంచి చూస్తే మెట్ల కిటికీలో అది కనిపించని రాత్రే లేదట.

వెనక మెట్లవైపు మనుషుల అలికిడే లేదు కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువని పైవాళ్ళకి చెప్పింది తనే.

"ఈ రాత్రి నువ్వు నాతో రా," అన్నాడు.

మీసాలాయన నేల చూపులు చూశాడు. "నాకు పిల్లలున్నారు సార్."

తనకూ ఉన్నారు. కానీ చుట్టూ గార్డులంతా తన మొహంలోకే చూస్తున్నారు. వెళ్తానని అనక తప్పింది కాదు.

అది శనివారం రాత్రి. వెనక తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు. టార్చి వెలుగులో మెట్లు తడిసినట్టు మెరుస్తున్నాయి. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే తన బూట్ల చప్పుడే ఎవరో వెనకాల వస్తున్నట్టు వినిపిస్తోంది. ఆగాడు. అదీ ఆగింది. మళ్ళీ ఎక్కాడు...

మొదటి అంతస్తు దాటాడు. ఏమీ లేదు.

ఇంకాస్త పైకి... వాళ్ళావిడ గుర్తొచ్చింది.

రెండో అంతస్తు మలుపు.

ఉంది.

తెల్లగా... గోడకి ఆనుకుని... తల వంచుకుని. జుట్టు భుజాల మీద పరుచుకుని ఉంది. ఎలాగో టార్చి దాని మీదికి ఎత్తాడు.

అది మెల్లగా తలెత్తింది.

"ఆ లైటు కాస్త దించు నాయనా. కళ్ళలో పడుతోంది."

అతనా మొహాన్ని రోజూ చూస్తాడు. కింద హాల్లో, దండ వేసిన పెద్దాయన ఫొటో పక్కన, నిలువెత్తు ఫొటోలో. పెద్దమ్మగారు. చిన్నసారుకి తల్లి. భర్తతో కలిసి ఈ కంపెనీ పెట్టిన మనిషి, ఆ దగ్గు మందుని మొదట తన చేత్తో కలిపిన మనిషి.

"అమ్మా, మీరా... ఈ వేళప్పుడు ఇక్కడ..."

"పగలు రానివ్వరుగా," అందావిడ. "నా కార్డు పనిచేయట్లేదు."

మేనేజరు తల వాల్చేశాడు. కంపెనీలో ఏ ఉద్యోగమూ లేనివాళ్ళ కార్డులన్నీ ఒక్క దెబ్బకి ఆపేసింది తనే. అందుకు చిన్నసారు భుజం తట్టాడు కూడా.

ఆవిడ మెల్లిగా చెప్పుకొచ్చింది. ఈ మలుపు పక్కన, ఇప్పుడు అట్టపెట్టెలు నింపిన గదిలోనే తనూ భర్తా పని మొదలుపెట్టారట. ఆయన పోయాక అక్కడ కాసేపు కూర్చుంటే గానీ ఆవిడకి నిద్ర పట్టదట. కార్డు అడగడానికి అభిమానం అడ్డొచ్చిందట. ఇల్లు వెనకాలే కాబట్టి, కొడుకూ కోడలూ పడుకున్నాక పడుకునే తెల్లబట్టలతోనే వచ్చేస్తుందట. జనరేటరు పక్కనున్న పాత తలుపు గడియ ఈ మేడ కట్టించిన నాటినుంచీ సరిగ్గా పడదట, ఆ దారినే లోపలికి వస్తుందట.

"మీ కుర్రాళ్ళు నన్ను చూసి పరుగు," అంటూ నవ్విందావిడ. "ఒకడు చెప్పులు వదిలేసి పోయాడు పాపం."

మేనేజరు కూడా నవ్వేశాడు. గుండెల మీంచి బండ దిగిపోయినట్టయింది. వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. రేపే కార్డు ఇప్పిస్తానని, ఎప్పుడు కావాలంటే అప్పుడు దర్జాగా ముందు తలుపు నుంచే రావచ్చని చెప్పాడు. చిన్నసారుకి తెలియనివ్వనని మాటిచ్చాడు.

"కానీ అమ్మా, రోజూ వాళ్ళని ఇలా హడలగొడితే ఎలా?"

ఆవిడ నవ్వు ఆగింది.

"రోజూనా?" అంది. "నేను శనివారాలే వస్తాను నాయనా. మిగతా రోజులు అబ్బాయి పొద్దుపోయే దాకా మేలుకునే ఉంటాడుగా."

మరి మిగతా రాత్రుళ్ళు కనిపించేదెవరు?

అప్పుడే... పైన, మూడో అంతస్తులో... ఎవరో నడిచారు. బరువైన అడుగులు. ఆగాయి. కలిపే గది తలుపు మెల్లిగా తెరుచుకుని, అంతకన్నా మెల్లిగా మూసుకున్న చప్పుడు.

పెద్దమ్మగారు అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా వేషం ఎవరో వాడుకుంటున్నారు," అంది గుసగుసగా.

మేనేజరు టార్చి ఆపేశాడు. ఆ చీకట్లో, పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి... అది దెయ్యమే అయితే బావుండునని మనసారా దండం పెట్టుకున్నాడు.