కడగని మందు

పొద్దున్నే టీ గ్లాసు అందుకోబోయిన తల్లి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని చేతులమీద తువ్వాలు కప్పుకుంది. పేపరులో తల దూర్చిన భర్త అది గమనించలేదు. "బూజమ్మా, ఇవాళైనా పెందరాళే వస్తావా?" అని కూతుర్ని ఆటపట్టిస్తున్నాడు. ల్యాబులో రోజంతా ఫంగస్‌ను పెంచి చంపే పని కాబట్టి ఇంట్లో ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది.

కూతురు మాత్రం చూసింది. దగ్గరికెళ్ళి తువ్వాలు తీసింది. రెండు చేతులూ ఎర్రగా పొంగి, వేళ్ళ సందుల్లో బొబ్బలు లేచాయి.

పాతికేళ్ళుగా హోటల్లో గిన్నెలు తోమిన చేతులవి. నిత్యం నీళ్ళలో నాని గోళ్ళకూ వేళ్ళకూ ఫంగస్ పట్టింది. మాత్రలు ఆమె లివరుకు పడవు. పోయిన వారం మేనేజరు "నయమయ్యాకే రండి" అనేశాడు. అందుకే కూతురు, తప్పని తెలిసీ, ల్యాబులోని నీలం మందు చిన్న సీసాలో తెచ్చింది. అది పూసి ఎర్ర లైటు కింద పదినిమిషాలు ఉంచితే, ఆ వెలుగుకు మందు పనిచేసి ఫంగస్‌ను చంపుతుంది. మనిషి కణాలకు అది ఎంతవరకు క్షేమమో తేల్చడమే మూడేళ్ళుగా ఆమె పని. ఇంకా పూర్తిగా తేలలేదు. నిన్న పొద్దున పూసి, లైటు పెట్టి, బస్సుకు టైమైపోతోందని "కడిగేసుకో అమ్మా" అంటూ పరుగెత్తింది.

"కడగలేదా?"

"కడిగితే మందు పోదూ? జన్మంతా కడుగుతూనే ఉన్నాను, ఒక్కరోజు ఆగుదామనుకున్నా. వెలుగుతో పనిచేస్తుందన్నావుగా! నీ దీపం కంటే సూర్యుడే పెద్దవాడని మేడమీద ఎండలో మధ్యాహ్నందాకా కూర్చున్నా."

ఆసుపత్రిలో, ఏం పూశారని డాక్టరు అడిగితే తల్లి తడుముకోకుండా, "వేడినీళ్ళు పడ్డాయండీ" అంది. గుమ్మం దాటాక కూతురు ఉండబట్టలేక, వెనక్కి వెళ్ళి నిజం చెప్పింది. డాక్టరు మందులు మార్చి, ఆరు నెలలు నీళ్ళలో చేతులు పెట్టొద్దన్నాడు. అంటే హోటలు పని పోయినట్టే.

ఇంటికొచ్చి కూతురు ల్యాబు పెద్దకు ఉత్తరం రాయడానికి కూర్చోగానే తండ్రి విరుచుకుపడ్డాడు. "డాక్టరుకు చెప్పావు, సరే. మీ పెద్ద మేడమ్‌కు కూడా చెప్పాలా? అమ్మ పని పోయింది, నీదీ ఊడాలా? కొరివితో తల గోక్కుంటావా?"

"వచ్చే నెల మొదటిసారి మనుషులకు పూస్తారు నాన్నా. ఇరవైమందికి. కడుక్కోండి, ఎండలోకి వెళ్ళకండి అని చీటీ ఇస్తారు. వాళ్ళూ అమ్మలాగే చేస్తే?"

"ఈ బుద్ధి ముందుండాలి! ల్యాబులో పళ్ళెంలో పెంచే కణాలను వందసార్లు చూసుకుంటావే, అమ్మను ఒక్కసారి చూసుకోలేకపోయావా?"

కూతురు తలొంచుకుంది. "పళ్ళెంలో కణాలను నేనే కడుగుతాను నాన్నా. అవి ఎండలోకి వెళ్ళవు" అంది మెల్లగా. తండ్రి కోపం చల్లారి, బరువుగా కుర్చీలో కూలబడ్డాడు.

అంతసేపూ గోడకానుకుని వింటున్న తల్లి అడిగింది. "ఆ ఇరవైమందీ ఎవరే?"

"చాలావరకు నీళ్ళల్లో పనిచేసేవాళ్ళేనమ్మా."

తల్లి కట్లు కట్టిన చేతుల్ని చూసుకుంది. "నాలాంటివాళ్ళే అన్నమాట. అయితే రాయి. కడుక్కోమంటే చాలదు, ఎందుకు కడగాలో కూర్చోబెట్టి చెప్పమను. తెలిస్తే నేను కడుక్కునేదాన్ని కాదూ?"

కూతురికి దుఃఖం పొంగుకొచ్చింది. కడగకపోతే ఆ మందు ఎండలో చర్మాన్నీ కాలుస్తుందని మూడేళ్ళుగా ల్యాబులో అందరికీ చెప్పిన సంగతి అమ్మకు చెప్పడానికి రెండు నిమిషాలు దొరకలేదు. కన్నీళ్ళు తుడవబోయి, చేతులు పనికిరాక, తల్లి తన చెంపను ఆమె చెంపకు ఆనించింది.

"ఏడవకు. నువ్వు చెప్పలేదని మాత్రం రాయకు. ఎవరూ చెప్పలేదని రాయి."

కూతురు కళ్ళు తుడుచుకుని కలం పట్టుకుంది. "నేను చెప్పలేదు" అని రాసింది.