కూతపెట్టె కూయని ఉదయం

కూతపెట్టె కూయలేదు కాబట్టి, 2071 నవంబరు పదకొండో తేదీ పొద్దున ఎర్రగెడ్డపాలెంలో పెళ్లిపందిరి పని ఆగలేదు. సముద్రం మీద ఆకాశం నల్లగా కమ్ముకొస్తున్నా ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఎందుకు చూస్తారు? వాళ్ల తరఫున చూడడానికి పైన అరవై నాలుగు కళ్లున్నాయి!

ఆ కళ్ల గురించి కాస్త చెప్పాలి. 'ముందుచూపు' అంటే అరవై నాలుగు కృత్రిమ ఉపగ్రహాల దండు. మబ్బుల్ని దాటి చూసే రాడార్‌తో పావుగంటకోసారి తీరమంతా ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలు చదివి, వాటినుంచి తనంతట తానే పాఠాలు నేర్చుకునే స్వయంశిక్షణ యంత్రం విశాఖపట్నంలో ఓ కొండమీది కేంద్రంలో ఉంది. తుపాను ఎటు పోతుందో పాత యంత్రాలూ చెప్పేవి, కానీ ఈ జిల్లాకో ఆ జిల్లాకో అని నసిగేవి. ముందుచూపు అలా కాదు. ఉప్పెన ఏ ఊరి మీద పడుతుందో, ఏ గంటకు పడుతుందో పేరుపెట్టి చెప్పేది. వెంటనే ఆ ఊళ్లోని హెచ్చరిక పెట్టె మోగేది. జనం దానికి కూతపెట్టె అని పేరు పెట్టుకున్నారు. అది కూసిన గంటలోపే డ్రోన్లు బియ్యం, పాలపొడి, చక్కెర జబ్బువాళ్ల ఇన్సులిన్ మోసుకుని తుపాను కంటే ముందే షెల్టర్లకు చేరేవి. ఇరవై రెండేళ్లు, పదిహేడు పెద్ద తుపాన్లు, పోయిన ప్రాణం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఔరా అనకుండా ఎలా ఉంటాం!

తప్పుడు కూతలతో జనానికి నమ్మకం పోకూడదని, పెట్టెను మోగించే అధికారం యంత్రానికే ఇచ్చి మనుషులకు లేకుండా చట్టం కూడా చేశారు.

ఆ పొద్దున తొమ్మిదింటికి కేంద్రంలో డాక్టర్ తేజోమయి తెర ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఒడిశా వైపు పోతుందనుకున్న తుపాను గంట కిందట కొంచెం పడమరకు వంగింది. తెర మీద మాత్రం 'ఎర్రగెడ్డపాలెం: ఉప్పెన అవకాశం నూటికి ఆరు' అనే ఉంది. ఆరంటే ఏమీ లేనట్టే. అయినా ఆమె మనసు ఊరుకోలేదు. తీరంలో అన్ని ఊళ్లకూ కూతపెట్టెలు చేరినా, మాకెందుకని ఏళ్ల తరబడి మొండికేసిన ఊరు అదొక్కటే. నాలుగుసార్లు వెళ్లి, బతిమాలి, ఆరు నెలల కిందట అక్కడ పెట్టె పెట్టించింది తేజోమయే.

ఫోను మోగింది. ఆ జాలరి ఊరి కులపెద్ద, డెబ్బై నాలుగేళ్ల సూరాడ పోలయ్య.

"ఏటమ్మా, పెట్టి ఇంకా కూయనేదు? తెల్లారగట్ట నుంచి సముద్రం బాగు నేదు. కెరటానికీ కెరటానికీ మద్దిన సందు పెరిగిపోనాది. గాలి నేకుండానే ఒడ్డు దద్దరిల్లుతన్నాది."

"మరి పడవలు ఇసుకదిబ్బ మీదికి లాగించారా?"

"నేదమ్మా. పెట్టి కూయకుండా ఏటా తొందరని అందరూ నవ్వుతన్నారు. నాకూ నిజమే గదా అనిపించినాది. నా కళ్ల కన్నా అదే బాగా సూత్తాదని సెప్పినావు గదా."

తేజోమయి ఆయన్ని ఫోనులోనే ఉండమని యంత్రం వైపు తిరిగింది.

"ముందుచూపూ, కెరటాల మధ్య సమయం పెరిగింది. చూశావా?"

"చూశాను. అయితే నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే గుర్తు ఇంకా కనబడలేదు," అంది యంత్రం నెమ్మదిగా.

"ఏమిటది?"

"పడవలు. మొదట్లో పదకొండు వందల ఊళ్ల పడవల్ని గమనించేదాన్ని. ఎక్కడ పడవలు ఇసుకదిబ్బ దాటి పైకి పోతే అక్కడే ఉప్పెన వచ్చేది. గాలి లెక్కలకంటే అదే కచ్చితం. పెట్టెలు చేరిన ఊళ్లలో మాత్రం పడవలు నేను కూశాకే కదలడం మొదలైంది. వాటివల్ల నాకు తెలిసేది ఏమీ లేదు. అందుకని ఆ ఊళ్లను ఒక్కొక్కటిగా లెక్కలోంచి తీసేశాను. పెట్టె వచ్చాక ఇంకా తుపాను రాలేదు కాబట్టి, ఇప్పుడు మిగిలింది ఎర్రగెడ్డపాలెం. అక్కడ పడవలు కదిలితే, దాన్నిబట్టి తీరమంతటికీ లెక్క కడతాను."

తేజోమయికి అప్పుడు అర్థమైంది. పెట్టె కోసం పోలయ్య ఎదురుచూస్తున్నాడు. పెట్టె ఆయన కోసం ఎదురుచూస్తోంది. మధ్యలో రెండువేల మూడువందల మంది, ఆ పైన పెళ్లివారు. చేజేతులా తనే ఇంత పని చేసింది!

"పోలయ్యగారూ, మీ పడవ పైకి లాగించండి. ఇప్పుడే!"

"పెట్టి కూయకుండానా?"

"అది చూసేది మిమ్మల్నేనండీ! మీరు కదిలితే గానీ అది కూయదు."

"ఊరుకోమ్మా, ఎగతాళికైనా ఓ అంతుండాల. ఆకాశంలో ఉన్నది నన్ను సూడ్డమేటి?"

"సరే, నా మాట నమ్మకండి. ఈ పెట్టె రాకముందు ఇలాంటి కెరటం వస్తే ఏం చేసేవారు?"

ఆయన సముద్రం వైపు తిరిగాడు కాబోలు, ఫోనులో హోరు పెరిగింది.

"లాగించేద్దుము," అన్నాడు పోలయ్య. "గడియలో పెళ్లి ఉన్నా లాగించేద్దుము." ఫోను పెట్టేశాడు.

ఆ ఊళ్లో ఓ కట్టుబాటుంది. కులపెద్ద పడవ కదలనిదే ఎవరి పడవా కదలదు. అది కదిలాక మాత్రం ఎందుకని అడగరు. పావుగంటకు వచ్చిన ఫొటోలో పోలయ్య పడవ, తెల్లటి గీత ఒక్కటి, దిబ్బ ఎక్కింది. తరవాతి ఫొటోలో పదకొండు గీతలు. ఆ తరవాత నూటముప్ఫై. పట్టుపంచెలు ఎగ్గట్టి పెళ్లివారు కూడా భుజాలు పట్టారట. తేజోమయి తెర వదలకుండా చూస్తూ ఉంది. నూటికి ఆరున్న అవకాశం ముప్ఫై అయింది, ముప్ఫై తొంభై నాలుగైంది. డెబ్బై కిలోమీటర్ల పొడవునా కూతపెట్టెలన్నీ ఒక్కసారి కూశాయి. ఆమెకు ఏడుపొచ్చేసింది. డ్రోన్లు అప్పటికే గాల్లోకి లేచాయి.

సాయంత్రం అయిదింటికి సముద్రం దిబ్బ దాటి వచ్చి, పొద్దున పందిరి వేసిన చోట నిలువెత్తున నిలబడింది. పెళ్లి షెల్టర్లో జరిగింది. ఒక్క ప్రాణం పోలేదు.

వారం తరవాత పోలయ్య ఎండుచేపల మూటతో కేంద్రానికి వచ్చాడు. యంత్రాన్ని చూపించమని అడిగి, దాని ముందు చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"తల్లీ, నువ్వు కూసినావు గనక బతికినాం."

తేజోమయికి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆయన్ని కూర్చోబెట్టి ఆయన ఊరి ఇరవై రెండేళ్ల ఫొటోలు వరసగా చూపించింది. ప్రతి తుపానుకు ముందూ దిబ్బ ఎక్కుతున్న మొదటి పడవ, యంత్రం దాని చుట్టూ గీసుకున్న ఎర్ర సున్నా. అన్నీ తెల్లటి గీతలే అయినా, ఏ ఏడాదిదో చెబితే చాలు, పోలయ్య ఒక్కొక్క పడవనీ గుర్తుపట్టాడు. ఇది నీలం రంగుది, ఇది మా బావమరిది సేయించినాది, ఇది ఇరిగిపోనాది. చూసి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే ఇన్నేళ్లూ ఇది సూసినాది నన్నా?"

"మిమ్మల్నే."

"మరి అంత పైకెక్కి సూసే బదులు, ఒక్కపాలి ఫోను సేసి నన్నే అడగొచ్చు గదమ్మా?"

తేజోమయి తల దించుకుంది. ఇంతమంది శాస్త్రజ్ఞుల్లో ఆ మాట ఒక్కరికీ తట్టలేదు.

పోలయ్యకు ఆమెను చూస్తే జాలేసింది.

"పోన్లేమ్మా, బాదపడకు. అడిగితే మాత్రం నాను సెప్పుదునేటి? 'నాకేటి తెల్సు, పైనున్నదాన్నే అడగండి' అందును."