మార్నీ వెనకాల

సైకిల్ యాత్రలో అందరికంటే వెనక తొక్కేవాణ్ణి స్వీప్ అంటారు. ఆ పదవి నాది. పదవి అంటే ఏదో గొప్ప అనుకునేరు! ఆఖరి మనిషిని దాటి ముందుకు పోకూడదు. తొందరపెట్టకూడదు. విసుక్కోకూడదు. మొదటి రెండూ ఎలాగో నెట్టుకొస్తున్నాను. మూడోది మాత్రం నా వల్ల కావడం లేదు.

ఎందుకంటే ఆ ఆఖరి మనిషి మార్నీ.

అమెరికా ఉత్తరపు కొసనున్న మెయిన్ రాష్ట్రం నుంచి దక్షిణాన ఫ్లోరిడాకి ఇరవై రెండు మందిమి బయలుదేరాం. మొదటి మూడు వారాలూ మార్నీ ముందు గుంపులో ఎక్కడో ఉండేది. పేరు కూడా నాకు సరిగా తెలియదు. వర్జీనియాలో ఏం పుట్టిందో ఏమో, వచ్చి నా నెత్తిన పడింది. రోడ్డు దాటే తాబేలు కనిపిస్తే ఆగుతుంది. ఉడకబెట్టిన వేరుశెనక్కాయల బండి కనిపిస్తే ఆగుతుంది. చర్చి ముందు బోర్డు కనిపిస్తే సైకిల్ దిగి మరీ చదువుతుంది. దక్షిణాదిలో మైలుకో చర్చి! మేమిద్దరం బసకి చేరేసరికి గిన్నెల్లో మాడిన మాకరోనీ తప్ప ఏమీ మిగిలేది కాదు. రెండు వారాల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది.

సవానా అనే ఊరు చేరాక ఒకరోజు సెలవు ఇచ్చారు. ఒక చర్చి హాల్లో దిగాం. సెలవంటే ఎవరూ సైకిల్ ముట్టుకోకూడదు, అది మాలో ఆచారం. పొద్దున్నే మా నాయకురాలు మిస్ వెర్నా నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. ఆవిడకి అరవై నాలుగేళ్లు, ఒకప్పుడు బడిలో వ్యాయామం టీచరు.

"రేపు ఎనభై అయిదు మైళ్లు నాయనా. రోడ్డు ఇరుకు, లారీలు ఎక్కువ. నాలుగింటిలోపు చేరలేనివాళ్లని మన సామాన్ల వ్యాన్ ఎక్కిస్తాను. వెనకుండేవాడివి నువ్వే కదా, నువ్వే చెప్పు. ఎవరిని ఎక్కించమంటావు? సాయంత్రం ఐదింటికి డ్రైవరుకి పేర్లు ఇచ్చేయాలి."

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 'మార్నీ' అని రాసిచ్చేశాను. అబ్బ, ఒక్కరోజు ప్రశాంతంగా తొక్కుకోవచ్చు!

రాసిచ్చాక మనసు పీకడం మొదలుపెట్టింది. మాలో కొందరికి ఒక పట్టుదల ఉంటుంది: మొదలు నుంచి చివరిదాకా అంగుళం కూడా వదలకుండా తొక్కాలని. ఒక్కసారి వ్యాన్ ఎక్కితే అది పోయినట్టే, మళ్లీ రాదు. మార్నీ మెయిన్ నుంచి ఇక్కడిదాకా ఒక్క అంగుళం వదల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

మధ్యాహ్నం ఒంటరిగా కాఫీ తాగుదామని బయటపడ్డాను. రెండు వీధులు నడిచాక చూస్తే నా ముందు పసుపుపచ్చ చొక్కా. మార్నీ! ఎప్పటి నుంచి ఆమె వెనక నడుస్తున్నానో నాకే తెలియదు. సరిగ్గా రెండు సైకిళ్ల దూరం పాటిస్తున్నాను కూడా.

"కర్టిస్, ఈ రోజు సెలవు," అంది వెనక్కి తిరగకుండానే.

"తెలుసు."

"మరి నా వెనకెందుకు?"

"నా దారిన నేను పోతున్నాను. నువ్వే నాకు అడ్డంగా ముందున్నావు."

"అయితే దాటిపో."

దాటబోయాను. కాళ్లు వినలేదు. ఈలోగా ఓక్ చెట్టు వేరు లేపేసిన ఇటుక కనిపించింది. సైకిల్ మీద తోటివాళ్లని హెచ్చరించే అలవాటు పాడుగాను, వేలు కిందికి చూపించి "గుంట!" అని గట్టిగా అరిచాను.

ఎదురుగా గొడుగు పట్టుకుని వస్తున్న ముసలావిడ ఉలిక్కిపడి కుక్కపిల్లని చంకనెత్తుకుంది. "ఎక్కడ బాబూ, ఎక్కడ?"

మార్నీ పక్కనున్న బెంచీ మీద కూలబడి నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను ఆవిడకి క్షమాపణ చెప్పుకుని, తలెత్తి చూసేసరికి ఇంకా నవ్వుతూనే ఉంది.

"సరే, రా, పక్కన నడు. వెనక నుంచి నీ నిట్టూర్పులు వినలేక చస్తున్నాను."

"నేనేం నిట్టూర్చను."

"రోజంతా అదే పని. కొండ వస్తే ఒకటి, కొండ దిగితే ఒకటి."

పక్కన నడిచాను. ఈ ఊళ్లో రెండు వీధులకో చతురస్రపు తోట, తోటకో విగ్రహం, విగ్రహానికో ఫలకం. మార్నీ ఒక్క ఫలకమూ వదల్లేదు. పుట్టిన తేదీలతో సహా చదివింది. ఏడో తోట దగ్గర నేను నోరు విప్పబోయాను, కాగితం సంగతి చెప్పేద్దామని. "మార్నీ, ఒక మాట..." అన్నానో లేదో వాన ఒక్కసారిగా దంచికొట్టింది.

"నది ఒడ్డున మిఠాయి కొట్లున్నాయి, రుచి చూడమని ఊరికే పెడతారట, పద!" అని పరుగెత్తింది.

నదికి దిగాలంటే పాతకాలపు రాతిమెట్లు. నిటారుగా, ఎగుడుదిగుడుగా, వానకి జారుతూ. నేను కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాను. అసలు సంగతేమిటంటే, వర్జీనియాలోనే నా ఎడమ మోకాలు వాచింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వ్యాన్, తగ్గకపోతే ఇంటికి బస్సు. చిన్నప్పటి నుంచి కలగన్న యాత్ర, ఎలా చెబుతాను?

రెండేసి మెట్లు దూకుతున్న మార్నీ ఒకసారి వెనక్కి చూసింది. టక్కున ఆగిపోయింది. గోడకున్న బోర్డు ముందు నిలబడి, తల పక్కకి వాల్చి చదవసాగింది.

"మార్నీ! ముద్దయిపోతున్నాం!"

"ఉండు, చదువుతున్నా."

"అంత ఏముంది అందులో?"

"చరిత్ర."

నేను దగ్గరికి చేరి చూశాను. 'ఇక్కడ బండ్లు నిలపరాదు. నిలిపితే లాగుకుపోబడును.'

"ఇది చరిత్రా?"

"ఎంత తుప్పు పట్టిందో చూడు. పాతదే," అంది మొహం తిప్పుకుని.

అప్పుడు తట్టింది నాకు. ఆమె చదువుతున్నంతసేపూ నా మోకాలికి నొప్పి తగ్గింది. తాబేలు దగ్గర ఆగింది పెద్ద ఎత్తు ఎక్కాక. వేరుశెనక్కాయల బండి దగ్గర ఆగింది నేను పళ్లు కొరుక్కుంటూ తొక్కుతున్నప్పుడు. దేవుడా, అన్ని చర్చి బోర్డులూ!

"నీకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసు?"

"నా మోకాలు."

బోర్డు మీది నీళ్లు చేత్తో తుడిచింది. తర్వాత అంది: "వర్జీనియాలో ఒక వంతెన ఎక్కుతూ వెనక్కి చూశాను. నువ్వు ఒక్క కాలితో తొక్కుతున్నావు. స్వీప్‌ని ఎవరు చూస్తారు? అందరూ ముందుకే చూస్తారు. ఆఖరి మనిషి ఎంత మెల్లగా పోతే నువ్వూ అంత మెల్లగా పోవచ్చు కదా. ఎవరో ఒకరు ఆఖరి మనిషి కావాలి."

నాకు తేలు కుట్టినట్టయింది. "మార్నీ, పొద్దున్న నేనొక కాగితం..."

"అదీ తెలుసు. వెర్నా చెప్పింది. రేపు వ్యాన్ ఎక్కమంది. సరేనన్నాను."

"సరేనన్నావా! అంగుళం కూడా వదలని దానివి, నోరెత్తకుండా సరేనన్నావా?"

"మరేమనాలి? 'నేను బాగానే తొక్కుతానండీ, కుంటుతున్నది మీ స్వీపే' అననా?"

"నిన్నెవరు చెయ్యమన్నారిదంతా!"

"ఎవరూ అడగలేదు! నీలాంటి మొద్దుకి అడగడం కూడా రాదుగా!" కడ్డీ మీద చెయ్యి చరిచింది. "వదిలెయ్. రోజూ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పేదాన్ని, అంగుళం కూడా వదల్లేదమ్మా అని. రేపు చెయ్యను. అంతే కదా."

వాననీళ్లో కన్నీళ్లో తెలియకుండా మొహం తుడుచుకుంది. నాకు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ రెండూ కలిసి గుండెలో ఏదో అయిపోయింది.

టైము చూశాను. ఐదుకి పదిహేను నిమిషాలు. ఐదింటికి వెర్నా వ్యాన్ డ్రైవరుకి ఆ కాగితం ఇచ్చేస్తుంది. వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టాను.

"ఎక్కడికి? కర్టిస్! మెల్లగా ఎక్కు, చచ్చినాడా!"

చర్చి వంటగదిలో మిస్ వెర్నా చిలగడదుంపలు తరుగుతోంది. నా నుంచి కారే నీళ్లు చూసి కత్తి ఆపింది.

"ఆ కాగితం ఇవ్వండి మిస్ వెర్నా." మార్నీ పేరు కొట్టేసి నా పేరు రాశాను. "ఆమె నాలుగింటికేంటి, రెండింటికే చేరుతుంది. చేరలేనివాణ్ణి నేను." పంట్లాం మోకాలిపైకి మడిచి చూపించాను.

వెర్నా కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "రెండు వారాలు దాచావా దీన్ని? నా కళ్ల ముందే? మూడు రోజులు వ్యాన్. అప్పటికీ తగ్గకపోతే బస్సెక్కించి మీ ఇంటికి తోలేస్తా."

"వద్దు మిస్ వెర్నా!" గుమ్మంలో మార్నీ, తడిసి ముద్దయి, రొప్పుతూ. "అతను వ్యాన్ ఎక్కకూడదనే కదా నేను నత్తలా తొక్కింది! చర్చి బోర్డుల మీది వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి! అదంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

వెర్నా మమ్మల్ని మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ తోడుదొంగలన్నమాట. రేపు స్వీపు పని నేను చూసుకుంటా. అమ్మాయి సైకిల్ మీద, అబ్బాయి వ్యాన్లో. ఇంకో మాట మాట్లాడితే ఇద్దరికీ అంట్ల పనే." దుంపలు పొయ్యి మీదికెక్కించి, చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గర ఆగింది. "ఇవి ఉడికేదాకా ఇటు రాను. ఈలోగా ఏదో ఒకటి తేల్చుకోండి, మీ పుణ్యముంటుంది."

తలుపు మూసుకుంది.

"కోపమా?" అన్నాను.

"చంపేద్దామన్నంత."

"మార్నీ, రెండు వారాలుగా నాకు నువ్వంటే విసుగనుకున్నాను. పొద్దున్న లేస్తూనే నువ్వెక్కడున్నావో వెతుక్కుని మరీ విసుక్కునేవాణ్ణి. అది విసుగు కాదు. నేను నిన్ను ప్రేమిస్తున్నాను."

"ఇప్పుడా చెప్పేది!" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "రెండు వారాలు ఇద్దరమే తొక్కినప్పుడు చెప్పలేదు. రేపటి నుంచి నేను రోడ్డు మీద, నువ్వు వ్యాన్లో అని తేలాక చెప్తావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

విసవిసా వెళ్లి ఫ్రిజ్ లోంచి ఐసు తీసి, తువ్వాల్లో చుట్టి, నన్ను కుర్చీలోకి తోసి మోకాలి మీద అదిమింది. ప్రాణం పోయినంత పనైంది. ఒక చేత్తో అది పట్టుకునే రెండో చేత్తో ఫోన్ తీసి నొక్కింది. అవతల ఎత్తగానే ఐసు ఇంకాస్త అదిమింది, కెవ్వుమన్నాను.

"అమ్మా... ఆఁ, బానే ఉన్నా... రేపా? రేపూ తొక్కుతున్నా, అంగుళం కూడా వదలను... ఏడవట్లేదమ్మా, జలుబు... అరిచిందెవరా? ఒకబ్బాయి. ఐసు పెడుతుంటే అరిచాడు."

అవతల నుంచి ఏదో పెద్ద ప్రశ్నే వచ్చింది. మార్నీ ఫోన్ చేత్తో మూసి నా వైపు చూసింది.

"ఎవరని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

"నీకేది నిజమైతే అది చెప్పు."

నా మీంచి చూపు తిప్పకుండా ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, నేను ప్రేమించిన అబ్బాయి," అంది.