లిఫ్టు మెంబర్లకు మాత్రమే

"ఆగండాగండి!"

లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే నీళ్ల క్యాను ఒకటి అడ్డంగా వచ్చి పడింది. దాని వెనక ఒక అమ్మాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. భుజం మీద ఇంకో క్యాను.

లోపల ఉన్నది మూడో అంతస్తు జిమ్‌లో కొత్తగా చేరిన ట్రైనర్. అతను తలుపు పక్కనున్న బోర్డు చూపించాడు. లిఫ్టు మెంబర్లకు మాత్రమే అని రాసుంది.

"నేను పెట్టింది కాదండీ. మా బాస్ రూలు."

"ఆ మెంబర్లు పైకెళ్లి ఏం చేస్తారు?"

"పరిగెడతారు, బరువులెత్తుతారు, మెట్ల మిషన్ ఎక్కుతారు."

"మెట్ల మిషనా?"

"అవునండీ. మనం ఎక్కుతుంటే మెట్లు కిందికి జారుతుంటాయి. ఎంతసేపైనా ఎక్కొచ్చు."

ఆమె ఒకసారి మెట్లవైపు చూసింది, ఒకసారి లిఫ్టువైపు చూసింది, చివరికి అతని చేతుల కండలు చూసింది.

"డబ్బులు కట్టి మెట్లెక్కేవాళ్లకి లిఫ్టు. బరువు మోసే నాకు మెట్లు. బాగుంది కండల మాస్టారూ, మీ న్యాయం!"

కాలితో క్యాను పక్కకు లాగి, చేత్తో ఎత్తి, మెట్లెక్కి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. లిఫ్టులో అద్దం ఉంది. అందులో అతని కండలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎందుకో చూడబుద్ధి కాలేదు.

అతనిది భయం. మూడు నెలల ట్రయల్ మీద ఉన్నాడు. ముప్పై మందిని ఏడాది మెంబర్‌షిప్‌కి చేరిస్తేనే ఉద్యోగం పర్మనెంటు. ఇరవై తొమ్మిదయ్యారు. ఇంకొక్కరు. అలాంటప్పుడు బోర్డుతో గొడవెందుకని నోరు మూసుకున్నాడు. నోరు మూసుకున్నవాడికి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

మర్నాడు అతను కింద మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఆమె మూడు చక్రాల బండి ఆపగానే వెళ్లి ఒక క్యాను అందుకున్నాడు.

"దాన్ని కౌగిలించుకుంటారేంటి మాస్టారూ? అది మీ చుట్టమేం కాదు. భుజానికెత్తండి."

ఎత్తాడు. రెండో అంతస్తుకి మెడ నరాలు లేచాయి.

"ఊపిరి ఉందా, కిందే వదిలేసి వచ్చారా?"

"జిమ్‌లో... బరువుకి... పిడి ఉంటుంది."

"అయ్యో పాపం! రోజూ నలభై క్యాన్లు మోస్తాను నేను. పిడి ఏది అని ఒక్క క్యానునీ అడగలేదు."

ఆ రోజు నుంచి అతను లిఫ్టు మానేశాడు. అడిగినవాళ్లకు వార్మప్ అని చెప్పాడు. జీతం లేని కూలీ దొరికాడని ఆమె చెప్పుకుంది. ఇద్దరూ అబద్ధమే చెప్పారు. మెట్ల మలుపుల్లో మాత్రం నవ్వులు నిజంగానే వినిపించేవి.

ఒక సోమవారం ఆమె క్యాన్లు దింపి, చేతులు తుడుచుకుని, కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుంది.

"మా నాన్నని చేర్చాలి. ఎంతవుతుంది?"

వాళ్ల నాన్న టైలర్. నలభై ఏళ్లు మిషన్ మీద వంగి వంగి కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి గుండె దాటి పైకి లేవదు. మనిషి భుజాలకు టేపు పెట్టలేని టైలర్ ఏం టైలర్? నాలుగు నెలలుగా మిషన్ మీద గుడ్డ కప్పేసి ఉంది. మందుల పని అయిపోయింది, ఇక వ్యాయామమే దిక్కు అన్నాడు డాక్టరు.

అతని చేతిలో ఫారం ఉంది. అద్దాల గదిలోంచి బాస్ చూస్తున్నాడు. ముప్పయ్యో మెంబరు తనంతట తానే వచ్చి ఎదురుగా కూర్చుంది. అతను గొంతు తగ్గించాడు.

"మీ నాన్నగారికి జిమ్ దండగండీ. ఇంట్లో గోడ చాలు."

ఆమె ముఖం మాడిపోయింది.

"ఏంటీ, మాకు గోడ చాలా?"

"అది కాదండీ, నా ఉద్దేశం..."

"వీళ్లకేమో మిషన్లు, ఏసీలు. మా నాన్నకేమో గోడ! నీళ్లు మోసేదాని డబ్బులు ఇక్కడ చెల్లవా?"

"ఒక్క మాట వినండి."

"ఫారం ఇవ్వండి."

ఏడాది డబ్బు ఒక్కసారే కట్టేసి సంతకం చేసింది. బాస్ చప్పట్లు కొడుతూ గదిలోంచి వచ్చాడు.

"ముప్పై! శభాష్! నీకు వద్దులే అని రెచ్చగొట్టి అమ్మడం ఎక్కడ నేర్చావయ్యా?"

ఆమె విన్నది. అతనివైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపు కంటే నిండు క్యాను నెత్తిన పడ్డా బాగుండేది.

మర్నాడు అతను మెట్ల దగ్గర చెయ్యి చాపితే ఆమె క్యాను వెనక్కి లాక్కుంది.

"అక్కర్లేదు. మెంబరు గారి కూతురు మోసుకోగలదు."

టైలర్ నాన్న ఆ రోజు నుంచే వచ్చాడు. నెమ్మదైన మనిషి. చెప్పులు తలుపు బయటే విడిచాడు. పరుగు మిషన్ మీద నడిపిస్తే అరగంట నడిచి, తల తిప్పి అడిగాడు.

"బాబూ, ఇంత నడిచినా ఇల్లు రాదేంటి?"

భుజం మిషన్ దగ్గరికి తీసుకెళ్లారు. దాని పిడి తలకంటే ఎత్తున ఉంది. ఆయన చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

"దాన్ని అందుకోగలిగితే ఇక్కడికెందుకొస్తాను నాయనా?"

అతను ఆయన చెయ్యి మెల్లగా కిందికి దింపాడు. ఆయనకు పనికొచ్చే మిషన్ జిమ్ మొత్తం మీద ఒక్కటీ లేదు. అలాగని జిమ్ అంటే మోసమనీ అతను అనుకోలేదు. వీధిలో పరిగెడితే నలుగురూ నవ్వుతారని భయపడే లావు గుమస్తా అక్కడికి రోజూ వస్తాడు. అందులో చేరాకే మనిషి తలెత్తి నడుస్తున్నాడు. ఆ గుమస్తా కట్టిన ప్రతి పైసాకీ విలువుంది. అవసరం లేనివాడి చేత కట్టించడమే దోపిడీ. అది తన చేతుల మీదుగానే జరిగింది.

ఆరో రోజు పొద్దున్న వాన పట్టుకుంది. కిటికీలోంచి చూస్తుండగానే ఆమె బండి మలుపులో జారి, గిర్రున తిరిగి, ఫుట్‌పాత్‌కి గుద్దుకుని ఆగింది. క్యాన్లు రోడ్డంతా దొర్లాయి. అతనికి లిఫ్టు గుర్తే రాలేదు. మూడంతస్తులూ రెండేసి మెట్లు దూకుతూ దిగాడు.

"దెబ్బ తగిలిందా?"

"నాకు లేదు. అదిగో, ఆ క్యాను పట్టుకోండి, కాలవలోకి పోతోంది!"

ఇద్దరూ వానలో క్యాన్ల వెంట పరుగెత్తారు. చివరిది బండిలో పెడుతుంటే అతను టైరు చూశాడు. గుండు గీసినట్టు నున్నగా ఉంది.

"ఇలాంటి టైర్లతో వానలో తిప్పుతారా? మార్చలేదేం?"

"మారుద్దామనే దాచాను. ఆ డబ్బులు మీ కౌంటర్లో ఉన్నాయి."

 అప్పుడు అతను నోరు తెరిచాడు.

"నేను రెచ్చగొట్టలేదు. గోడ చాలు అన్నానంటే నిజంగానే గోడ చాలు. బిగిసిన భుజానికి మొదట చేయించేది అదే. వేళ్లతో గోడ మీద పాకించాలి. మీకు జిమ్ ఎక్కువని కాదు, ఆయనకి జిమ్ పనికిరాదని చెప్పాను. సరిగ్గా చెప్పడం చేతకాలేదు."

ఆమె ముఖం మీది నీళ్లు తుడుచుకుంది.

"వారంలోపు వద్దంటే డబ్బు మొత్తం తిరిగిస్తారు," అన్నాడు. "రేపే ఆఖరు."

"ఇస్తే మీ ముప్పై?"

"ముందు మీ టైర్లు."

"ఇంత మంచివాడు ఆ రోజు లిఫ్టు ఎందుకు ఆపలేదో?"

"భయం."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ భయమే. కాకపోతే ఇందాక మీ బండి తిరగడం చూశాక, ఆ భయం ముందు ఇది ఎంత!"

ఆమె బండి తాళం చెవిని రెండుసార్లు తిప్పింది. బండి స్టార్ట్ కాలేదు. తాళం తప్పు వైపు తిప్పుతోందని ఇద్దరికీ తెలిసింది. అయినా ఇంకోసారి అటే తిప్పింది.

బాస్ డబ్బు వెనక్కిచ్చాడు గానీ ముఖం కాకరకాయలా పెట్టాడు.

"నీ ముప్పయ్యోది నువ్వే పీకేసుకున్నావ్. ఇంకో మూడు నెలలు ట్రయల్ చెయ్యి, మళ్లీ ఒకటి నుంచి లెక్క."

"చేస్తాను సార్. ఆ నీళ్లమ్మాయిని లిఫ్టు వాడుకోనివ్వండి."

"ఉద్యోగం ఉందని సంతోషించు. లిఫ్టు ఊసెత్తకు."

ఆ సాయంత్రం బాస్ మాటలు ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "అడిగారా?" అంది. "అడిగాను." "చాలు. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు పొద్దున క్యాన్లు పైకి రాలేదు. లిఫ్టు పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. పైన ఒక అట్టముక్క. నీళ్లు మెట్లెక్కగలిగినవాళ్లకు మాత్రమే.

మెట్ల మిషన్ మీద గంటసేపు ఎక్కిన మొనగాడొకడు క్యాను భుజానికెత్తుకుని, మొదటి అంతస్తులోనే కూలబడ్డాడు. లావు గుమస్తా మాత్రం ఒకటి పైదాకా తెచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తెచ్చాక ఆయన నీళ్లు తాగకుండానే బాస్ గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ పిల్ల ఇది రోజూ మోస్తోంది. నేను కట్టిన డబ్బులో లిఫ్టు వాటా ఉంటే అది ఆ అమ్మాయికివ్వండి."

మూడో రోజుకి గదిలో ఇరవై మంది నిలబడ్డారు. నాలుగో రోజు బోర్డు లేదు. మేకు గుర్తులు మాత్రం మిగిలాయి.

ఇక టైలర్ గారి ఇల్లు. అతను రోజూ డ్యూటీకి ముందు వెళ్లేవాడు. అరలీటరు సీసాలో నీళ్లు పోసి ఆయన చేతికిచ్చి, ముందుకు వంచి చెయ్యి వేలాడదీసి గడియారం లోలకంలా ఊపించేవాడు. తర్వాత గోడ మీద వేళ్లతో పాకించేవాడు. చెయ్యి ఎంతదాకా వెళ్తే అక్కడ ఆయనే ఎడమచేత్తో గుడ్డలకు గీసే సుద్దతో గీత పెట్టుకునేవాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగినా గీత పెట్టందే గోడ వదిలేవాడు కాదు.

"ఫీజెంత మాస్టారూ?" అడిగేది కూతురు, గుమ్మానికి ఆనుకుని.

"టీ."

"ఏడాదికి కడితే తగ్గింపు ఏమైనా?"

"తగ్గింపు లేదు. బిస్కట్టు కూడా ఇవ్వాలి."

జిమ్‌లోనూ అతను అంతే అయ్యాడు. అక్కర్లేనివాళ్లకు వద్దని ముఖం మీదే చెప్పాడు. 'వద్దని చెప్పే ట్రైనర్' అని పేరు పడింది. ఆ పేరు విని, నిజంగా కావాల్సినవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ట్రయల్ గడువుకి ముందే ముప్పై దాటింది. బాస్‌కి అర్థం కాలేదు. పర్మనెంటు కాగితం మీద సంతకం మాత్రం పెట్టాడు.

ఆ కబురు చెప్పడానికి వెళ్లిన రోజు గోడ మీద సుద్దగీత అతని తల దాటి ఉంది. మిషన్ మీద గుడ్డ లేదు.

"ఇలా రా బాబూ. వెనక్కి తిరుగు."

తిరిగాడు. వెన్ను మీద టేపు చల్లగా తగిలింది. రెండు చేతులు. రెండూ అతని భుజాల దాకా లేచాయి.

"భుజం పందొమ్మిది," అన్నాడు ఆయన.  ఇంకోసారి కొలిచాడు, అవసరం లేకపోయినా. "పందొమ్మిదే."

"నాకు చొక్కాలున్నాయండీ."

"ఉంటే ఉన్నాయి. రెండు కుడతాను. ఒకటి నీ ఉద్యోగానికి. రెండోది మా అమ్మాయిని అడిగే రోజుకి."

"నాన్నా!" అని గుమ్మంలోంచి ఒక కేక.

"ఏమ్మా? చెయ్యి ఇప్పుడు బాగైంది. కళ్లు ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

పది రోజుల తర్వాత, కొత్త టైర్ల బండి వచ్చి ఆగేసరికి అతను లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు. లేత నీలం చొక్కా. భుజాలు అతికినట్టు కుదిరాయి. ఆమె పైనుంచి కిందికి చూసింది.

"ఇది మొదటి చొక్కానా, రెండోదా?"

"రెండోది."

ఆమె బండి దిగింది. క్యాన్లన్నీ లిఫ్టులోకి తోసింది, మూడో నంబరు నొక్కింది, తను బయటికి వచ్చేసింది. తలుపు మూసుకుంది. నీళ్లు పైకి వెళ్లిపోయాయి.

"మనం ఎక్కలేదే!" అన్నాడు.

"లిఫ్టులో ఇరవై సెకన్లు. ఆ కాస్తలో నువ్వేం అడుగుతావ్, నేనేం చెప్తాను? నడువు."

'నువ్వు' అంది. మొదటిసారి.  మొదటి అంతస్తు దాకా అతను మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. రెండో అంతస్తు మలుపులో అడిగాడు. ఏం అడిగాడో చెప్పక్కర్లేదు. ఆయాసం మాత్రం రాలేదు.

ఆమె రెయిలింగు పట్టుకుని ఆగింది.

"ఇందులో వారంలోపు వద్దనే రూలు ఉండదు. తెలుసుగా?"

"నీకు కావాలా ఆ రూలు?"

"నాకెందుకు?" అని అతని చెయ్యి పట్టుకుంది. నలభై క్యాన్ల చెయ్యి. గట్టిగానే పట్టుకుంది.

మూడో అంతస్తు అప్పుడే వచ్చేసింది.

"ఇంకో అంతస్తుంటే బాగుండేది," అన్నాడు.

"పైన డాబా ఉందిగా!"

ఎక్కుతూనే పోయారు. వెనక జిమ్‌లో ఎవరో నీళ్లు నీళ్లని కేకలేస్తున్నారు. నాలుగడుగులు వేస్తే లిఫ్టు. వెళ్లి తెచ్చుకుంటే ఏం? అంత డబ్బు కట్టింది ఒళ్లు కదపడానికే కదా!