సోమవారం కాడి కట్టరు

మునిచంద్ర ఫిజియోథెరపీ గదిలోకి కుంటుకుంటూ వచ్చాడు. కుంటుతున్నది ఎడమకాలే గానీ ఛాతీ ఇంకా పరేడ్‌లోనే ఉంది. ఆ ఛాతీ మీద నల్ల టీషర్టు, దాని మీద పెద్ద పెద్ద తెల్లక్షరాలు: నో డేస్ ఆఫ్.

ఫిజియోథెరపిస్టు సింధు అక్షరాలు చదివింది. కాలు చూసింది. మళ్లీ అక్షరాలు చదివింది.

"సెలవే లేని మనిషి ఈడికి యాల వచ్చినారు సార్?"

"కాలు రవ్వంత పట్టేసింది మేడమ్. స్ప్రే కొట్టేస్తే సాలు. సాయంత్రం మళ్లా పరిగెత్తాల."

"రవ్వంతేనా?" అంటూ సింధు అతని ముంగాలి ఎముక మీద ఒక్కచోట వేలు పెట్టి నొక్కింది.

మదనపల్లె ఆసుపత్రి కారిడార్‌లో మందుల కోసం నిలబడ్డవాళ్లంతా తలలు తిప్పి చూశారు. కేక అలాంటిది.

మునిచంద్రది పుంగనూరు పక్కన పల్లె. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మదనపల్లెలో గది తీసుకుని తయారవుతున్నాడు. పోయినసారి పరుగు పరీక్షలో వెనకబడి ఉద్యోగం చేజార్చుకున్నాడు. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, మళ్లీ అవకాశం లేదు. అప్పటినుంచి మనిషికి పిచ్చి పట్టినట్టే. తెల్లారి పరుగు, మధ్యాహ్నం జిమ్ము, సాయంత్రం మళ్లీ పరుగు. పండగ లేదు, జ్వరం లేదు. అక్క పెళ్లిలో షామియానా వెనక గుంజీలు తీస్తుంటే చూసినవాళ్లు ఏదో మొక్కుబడి అనుకుని దండం పెట్టి పోయారు.

ఇంత కష్టపడి ఊరికే ఉంటే ఎలా? రోజూ చెమటలు కారే ముఖంతో ఫోన్‌లో స్టేటస్ పెట్టాలి. వెనక టమాటా లారీలు, ముందు మన హీరో, కింద రెండు నిప్పు బొమ్మలు.

"ఎముక ఇంకా విరగలేదు. విరగ్గొట్టేదాకా మీరు నిద్రపోయేట్టు లేరు. రెండు వారాలు పరుగు బంద్. ఆ తర్వాత కూడా వారానికి ఒక దినం పూర్తిగా రెస్ట్," అంది సింధు.

"రెస్టా? కండ కరిగిపోదా మేడమ్?"

"కండ పెరిగేది మీరు పరిగెత్తేటప్పుడు కాదప్పా, పడుకున్నప్పుడు. అరిగిన ఎముక అతుక్కునేదీ అప్పుడే. మీరు దానికి ఆ టైమే ఇయ్యలా."

"సోమరిపోతులు సెప్పే మాట," అన్నాడు మునిచంద్ర.

"అవును. సోమరిపోతులు ఎవురూ నా దగ్గరికి కుంటుకుంటూ రారు."

ఆ మాటకు అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమె నవ్వినప్పుడు ఎడమ బుగ్గ మీద పడిన సొట్ట చూస్తూ కోపం సంగతి మరిచిపోయాడు.

ఆ తర్వాత చికిత్సకు రమ్మన్న రోజు వచ్చాడు, రమ్మనని రోజూ వచ్చాడు. ఒక సాయంత్రం వాన ఆసుపత్రి మెట్లను ముంచెత్తింది. సింధు గొడుగు కింద నిలబడి ఆటో కోసం చూస్తోంది.

"ఉండండి మేడమ్, సర్కిల్ దాకా పరిగెత్తి ఆటో తెస్తాను."

"అడుగు కదిపినారంటే రెండోకాలు నేనే విరగ్గొడతా. వచ్చి గొడుగు కింద నిలబడండి."

నిలబడ్డాడు. సగం భుజం తడిసింది. ఆటో ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు. సింధు కూడా ఖాళీగా పోతున్న రెండు ఆటోలను చూడనట్టే నటించింది.

కథ ఇక్కడే సుఖంగా అయిపోవాల్సింది. మన హీరో బుద్ధి ఊరుకుంటేగా! నొప్పి కాస్త తగ్గగానే, ఒకరోజు తెల్లవారకముందే కురబలకోట వైపు దొంగ పరుగు తీశాడు. సరే, తీశాడు. తీసినవాడు గప్‌చిప్‌గా ఉండాలి కదా? అలవాటు చెయ్యి ఊరుకోలేదు. స్టేటస్ పెట్టేశాడు, నిప్పు బొమ్మలతో సహా. మొదట చూసింది సింధు.

"దొంగతనం చేసి ఫొటో తీసి ఊరంతా పంచేవాణ్ణి నిన్నొక్కణ్ణే సూసినా," అంది ఆమె. 'మీరు' పోయింది, నవ్వూ పోయింది.

"భయమైంది సింధూ. ఒక్క దినం ఆపితే మిగతావాళ్లంతా నన్ను దాటిపోతాండారనిపిస్తాది. పోయినసారి నా కళ్లముందే దాటిపోయినారు. ఇంటికి పోయి మా అమ్మకు ఏం సెప్పాల్నో తెలీక బస్టాండులో కూర్చున్నా."

సింధుకు మనసు కలుక్కుమంది. కానీ కోపం అంతకన్నా పెద్దది.

"ఆ కాలు విరిగితే ఈసారి కూడా ఆ బస్టాండే. నీ కాలు, నీ ఇష్టం. ఇంకో డాక్టర్ని సూసుకో."

నాలుగు రోజులు మాటల్లేవు. ఆ తర్వాత ఆసుపత్రివాళ్లు పల్లెల్లో వైద్య శిబిరం పెట్టారు. సోమవారం నాడు వంతు వచ్చింది మునిచంద్ర ఊరికే. అతను మదనపల్లె గది వదిలి ఇంటికి వచ్చేశాడని తెలిస్తే సింధు వ్యాను దిగేది కాదు. తీరా దిగాక అతని తల్లి మునిరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

"మా అబ్బోడి కాలు సూసింది నువ్వేనంటగా తల్లీ! సంగటి తిని పో."

మునిచంద్ర స్తంభం చాటున నిలబడ్డాడు. ఒంటి మీద అదే టీషర్టు. సింధు అతనివైపు చూడకుండా కొట్టంవైపు చూసింది. రెండు ఎద్దులు నీడలో పడుకుని తీరిగ్గా నెమరేస్తున్నాయి. రాత్రి వాన పడింది. పక్క చేలో ట్రాక్టర్ దున్నేస్తోంది.

"నేల మంచి పదునుమీద ఉండాది గదా. ఎద్దుల్ని ఊరికే యాల కట్టేసినారు? పక్కోళ్లు మీకన్నా ముందు పోతాండారే?" అంది, కావాలనే.

మునిచంద్ర స్తంభం చాటు నుంచి ఒక్క దూకు దూకాడు.

"సోమారం కాడి కడతారా యాడన్నా? బసవన్న దినం! నోరులేని జీవాలు, వారమంతా లాగినాయి. ఒక్క దినమన్నా నడుం వాల్చొద్దా? ఎవురో ముందు పోతాండారని వీటిని సంపుకుంటామా? అట్ల తోలితే ఏడాది తిరక్కముందే కూలబడిపోతాయి. ఇంగ సేద్యం ఎవురు సేస్తారు?"

ఎద్దు ఒకటి తోక ఆడించింది.

సింధు అతని ముఖం చూసింది. తర్వాత ఛాతీ మీది అక్షరాలు చూసింది. "మళ్లొకసారి సెప్పు. రవ్వంత నిదానంగా," అంది.

మునిచంద్ర నోరు తెరిచాడు. తనూ కిందికి చూసి ఆ అక్షరాలు చదువుకుని మూసేశాడు.

మునిరత్నమ్మకు నవ్వాగలేదు. "వాటికి నోరు లేదు గదమ్మా, అందుకే మేమే ఇప్పుతాం. వీడికి నోరుండాది. ఇప్పబోతే అరుస్తాడు."

మునిచంద్ర తల దించుకున్నాడు. కాసేపటికి లోపలికి పోయి వేరే చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆ వారంలోనే టీషర్టు చేలో దిష్టిబొమ్మకు ఎక్కింది. సెలవులేని ఉద్యోగం నిజంగా దానికే సరిపోయింది.

ఇక విశ్రాంతి మొదలైంది. అది చూడలేకపోయాం. మొదటి సోమవారం మునిచంద్ర నులకమంచం మీద జైల్లో పడ్డవాడిలా దొర్లాడు. సింధు ఫోన్ చేసింది.

"ఏం సేస్తాండావు?"

"నెమరేస్తాండాను."

"దేన్ని?"

"గొడుగు కింద నిలబడింది."

అవతల సింధు నవ్వడం వినిపించింది. ఆ తర్వాతి సోమవారాలు అంత కష్టంగా గడవలేదు.

కాలు కుదిరాక మెల్లగా పరుగు మొదలుపెట్టాడు, సోమవారం మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యలేదు. పరీక్ష మంగళవారం పడింది. ముందురోజు మిగతా కుర్రాళ్లు మైదానంలో చివరి కసరత్తు చేస్తుంటే ఇతను ఎద్దుల పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు. భయం వేయలేదని కాదు. భయంతోనే పడుకున్నాడు. మరునాడు పరుగులో అతన్ని దాటినవాళ్లు ఉన్నారు, అతను దాటినవాళ్లు అంతకన్నా ఎక్కువ ఉన్నారు. గీత దాటగానే ఫోన్ చేశాడు.

"పాసైనా సింధూ!"

"కాలెట్లుండాది?"

"కాలు బాగుండాది. నువ్వు లేకుంటే నేనే బాగుండను. పెళ్లి చేసుకుంటావా?"

"ఆయాసం తగ్గినాక అడుగు," అని పెట్టేసింది. నిమిషంలో తనే మళ్లీ చేసింది. "ఆదివారం కుప్పం రా. మా డాడీని అడుగు."

సింధు తండ్రి కరుణాకర్ రిటైరైన డ్రిల్ మాస్టర్. కాబోయే అల్లుడు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడని ఆయన చెవిన పడింది. "ముందు చర్చిలో కూర్చోమను, చూస్తా," అన్నాడు.

మునిచంద్ర ఆయన పక్కనే కూర్చున్నాడు. మొదటి పాటకు కాలు కదిలింది. రెండో పాటకు ఆగింది. ప్రసంగం మధ్యలోకి వచ్చేసరికి అతని తల మాస్టారి భుజం మీద వాలింది. చిన్నగా గురక కూడా వచ్చింది. సింధు సిగ్గుతో చచ్చిపోయింది. మాస్టారు మాత్రం చివరి ఆమెన్ దాకా భుజం కదపలేదు.

బయటికి వచ్చాక మునిచంద్ర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పైపోయింది సార్. ఎట్ల నిద్ర పట్టిందో తెల్లేదు."

"సర్వీసంతా పిలకాయల్ని పరిగెత్తించినానప్పా. ఆపడం మాత్రం ఎవురికీ నేర్పలా. నాకే రాలా, నా మోకాళ్లను అడుగు," అన్నాడు కరుణాకర్. కూతురివైపు తిరిగాడు. "వీణ్ణి ఎట్ల ఆపినావు?"

"నేనొక్కదాన్నే కాదు డాడీ. వాళ్ల ఎద్దులు కూడా సాయం చేసినాయి."

"మీ ఇంట్లో ఏమన్నారు?" అని అడిగాడు మునిచంద్రను.

"మా నాయన రెండు దినాలు అన్నం తినలేదు సార్. మూడోనాడు మా అమ్మ తినిపించింది. ఆ పిల్ల వాళ్ల చర్చికి పోతాది, మనోడు మన గుడికి పోతాడు, సోమారం మాత్రం ఇద్దరూ ఇంట్లో ఉండాల అనింది."

కరుణాకర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు.

"అంటే ఆదివారం మాకు సెలవు, సోమారం మీకు సెలవు. అల్లుడు వారానికి రెండు దినాలు ఎందుకూ పనికి రాడన్నమాట!"

సింధు మునిచంద్ర చెయ్యి పట్టుకుంది.

"నాక్కావాల్సింది ఆ రెండు దినాలే డాడీ."